‘ఒప్పుకోను’ అనడానికి పట్టినంతసేపు

మా తమ్ముడు ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొద్దున షిఫ్టు బస్సెక్కి కూర్చోగానే వాడికి లోకాన్ని బాగుచేయాలనిపిస్తుంది కాబోలు, ఫ్యాక్టరీ గేటు వచ్చేలోపల చుట్టాలందరికీ ఒక వీడియో పంపిస్తాడు. ఒకరోజు చన్నీళ్ళ స్నానం గొప్పతనం, ఇంకోరోజు కోడికంటే ముందు లేవడం, మరొకరోజు అద్దం ముందు నిలబడి ‘నేను సింహాన్ని’ అనుకోవడం. హిందూపురంలో నేను స్టవ్వు మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు వాడి వీడియో కాస్త చూసి, బొటనవేలి బొమ్మ ఒకటి పంపి నా పనిలో పడతాను. బడికి వేళవుతుంటే సింహం కావడానికి తీరిక ఎక్కడిది? మొన్న వచ్చిన దాంట్లో మాత్రం కోటు వేసుకున్న ఒకాయన వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ, గెలిచేవాళ్ళ మాట ఏటినీళ్ళలా గలగలా పారుతుందనీ, మాట తడబడిందంటే మనసులో నమ్మకం లేనట్టేననీ, తడబడేవాళ్ళను లోకం దాటుకుని వెళ్ళిపోతుందనీ చెప్పాడు. పాలు పొంగి స్టవ్వంతా పారాయి. నేను చూస్తూనే నిలబడ్డాను. నేను సోషల్ టీచరును, ఏరు అనగానే నాకు మ్యాపు గుర్తొస్తుంది. మా చిత్రావతి ఏడాదిలో చాలా నెలలు ఒట్టి ఇసుకే. అయినా ఇక్కడ ఎవరూ దాన్ని ఏరు కాదనలేదు. ఆ కోటాయన మా జిల్లా ఏర్లను చూడలేదు. మా చిన్నత్తను అసలే చూడలేదు.

చిన్నత్త అంటే మా నాయనకు ఆఖరి చెల్లెలు. పెనుకొండలో సాయంకాలమయ్యేసరికి కొండ నీడ కమ్ముకునే వీధిలో మా అవ్వ ఇల్లు. ఆ ఇంట్లో పుట్టిన అందరికీ నోరు పెద్దదే, మా నాయన వీధి చివర దగ్గితే వంటింట్లో వినబడేది. అత్తకు మాత్రం మాటలొచ్చినప్పటినుంచీ నత్తి. మాట మొదట్లో ఒక అక్షరం పట్టుకుంటే బండి చక్రం మట్టిలో దిగబడినట్టు అక్కడే తిరుగుతుంది. అందులో ‘మ’ వచ్చిందంటే పెదాలు రెండూ అతుక్కుపోయి, మెడ నరాలు ఉబ్బి, కళ్ళు మూతలు పడేవి. ఇంటివాళ్ళు చేయని వైద్యం లేదు. వసకొమ్ము అరగదీసి ఏళ్ళ తరబడి నాకించారు. అంత వస ఇంకెవరు నాకినా ఈపాటికి ఊరు పట్టనంత వసపిట్ట అయ్యేవాళ్ళు. దర్గా దగ్గర తాయెత్తు కట్టించారు. మడకశిర వైపునుంచి సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడే నాటువైద్యుడొకడు వచ్చి, గుడిగంట తిరగేసి పట్టుకుని అందులో నీళ్ళు పోసి తాగితే గొంతు గంటలా మోగుతుందన్నాడు. గంట బరువుకు అత్త చేతులు నొప్పులు పుట్టాయి గానీ గొంతు ఎప్పటిలాగానే ఉంది. నాలుక కింద గులకరాళ్ళు పెట్టుకోమన్నది ఎవరో మరి తెలియదు, అందులో ఒకటి అత్త మింగేసింది. అది బయటపడేదాకా మా అవ్వ అన్నం ముట్టలేదట.

మందులన్నీ అయిపోయాక మిగిలింది ఒక్కటే మందు. ‘గమ్మునుండు.’ చుట్టాలొస్తే గమ్మునుండు, పెళ్ళికి పోతే గమ్మునుండు. నోరు తెరవకపోతే బంగారం లాంటి పిల్ల అని అవ్వ అందరితో చెప్పేది, అది పొగడ్తేనని ఆమె మనస్ఫూర్తిగా నమ్మేది. గమ్మునుండలేక అత్త ఏదైనా మొదలుపెడితే, పూర్తి చేయడానికి ఇల్లంతా సిద్ధంగా ఉండేది. వాళ్ళది చెడ్డబుద్ధి కాదు. పిల్ల పడే అవస్థ చూడలేక తలా ఒక చెయ్యి వేసేవాళ్ళు. ఇంటరు అయ్యాక మా తాత అడిగాడట, ఏం చదువుతావని. అత్త ‘టీ... టీ...’ అని మొదలుపెట్టింది. మా పెద్దత్త లేచి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది. అందరూ తననే చూస్తున్నారు, గ్లాసు చేతికొచ్చేసింది. అత్త టీ తాగి లేచి వెళ్ళిపోయింది. టీచరు కాలేదు.

ఈ కథ మా ఇళ్ళలో చాలా ఏళ్ళు నవ్వులకే చెప్పుకున్నారు. నేనూ నవ్వాను. అందులో ఒక మనిషి బతుకు గ్లాసులో పోసి ఇచ్చేశారని నాకు తెలిసేసరికి నేను టీచరు కావడానికి ధర్మవరంలో బి.ఇడి.లో చేరాను. ఆ ఏడాదంతా అత్త ఇంట్లోనే ఉన్నాను. నేను చెప్పాలనుకున్నది ఆ ఏడాది గురించే.

అంతకుముందు అత్త పెళ్ళిచూపుల సంగతి చెప్పకపోతే మా మామకు అన్యాయం చేసినట్టవుతుంది. ధర్మవరం పట్టుచీరల అంగడివాళ్ళ రెండో అబ్బాయి ఆయన. పెళ్ళిచూపులనాడు అవ్వ అత్తకు ప్రమాణం చేయించినంత పని చేసింది, పేరు అడిగినా తల వంచుకోమని. పిల్ల అణకువ చూసి మగపెళ్ళివాళ్ళు మురిసిపోతుంటే అత్త తలెత్తి, ‘నాకు న... న... నత్తి ఉండాది’ అంది. ఆ చిన్నమాటకు ఎంతసేపు పట్టిందంటే, ఈలోగా మా అవ్వ ముఖం ఎర్రబడి, తెల్లబడి, మళ్ళీ ఎర్రబడింది. పెళ్ళికొడుకు మాత్రం తల ఒక పక్కకు వంచి చివరిదాకా విన్నాడు. విని, ‘నాకు ఎడమ చెవి వినపడదు. నువ్వు కుడిపక్క కూచుంటే సరిపోతాది’ అన్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఎక్కడికి వెళ్ళినా అత్త కుడిపక్కనే. ఆయన వినడానికి నిదానం, ఆమె చెప్పడానికి నిదానం. ఇద్దరికీ సరిపోయింది.

నేను వెళ్ళేనాటికి అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దాయన, ఆయనను నేను పెద్దమామ అనేదాన్ని, ముందు వీధిలో పెద్ద అంగడి ఉంచుకున్నాడు. మా మామకు లోపలి సందులో చిన్న అంగడి వచ్చింది. చీరల నేత గురించి, రంగు గురించి మామకు తెలియనిది లేదు గానీ అంగట్లో కూర్చున్నవాడికి చెవులు రెండూ కావాలి. గిరాకీ ఎడమపక్కనుంచి నెమలికంఠం రంగు అడిగితే ఆయన నిమ్మపండు రంగు తీసేవాడు. వచ్చినవాళ్ళు ఇదేం మనిషని చూసి లేచిపోయేవాళ్ళు. అలా కొన్నాళ్ళు చూసి ఒకరోజు భోజనాల దగ్గర అత్త, రేపటినుంచి అంగట్లో నేను కూచుంటానంది. ఆరోజు పెద్దమామ కూడా ఉన్నాడు. ఆయన నోట్లో ముద్ద మింగి చాలా నెమ్మదిగా, ప్రేమగానే చెప్పాడు. ‘అమ్మా, అంగడంటేనే మాట. మాట రానిది గల్లాపెట్టె దగ్గర కూచుంటే గిరాకీ పారిపోతాది. నువ్వు లోపల చీరలు మడతపెట్టు, చాలు.’

అత్త అన్నం కలుపుతూనే, ‘పా... పారిపోయేవాల్లు పోనీ బావా. ఉండేవాల్లకు అమ్ముకుంటా’ అంది.

తెల్లారి కూర్చుంది. మొదటిరోజు పారిపోయేవాళ్ళే ఎక్కువ. అత్త ధర చెప్పడానికి మొదలుపెట్టేలోపు వాళ్ళు వాళ్ళలో వాళ్ళు చూసుకుని చెప్పులు వెతుక్కునేవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చి అత్త ఒక మూల కూర్చుంది. ఏడుస్తుందేమోనని నేను పుస్తకం మూసి పక్కన చేరాను. ఏడవలేదు. తల ఊపుతూ తనలో తాను అనుకున్నట్టు, తన నత్తిని చూసి గిరాకీ బెదరడంలేదు, నత్తిని దాచబోయి తాను చేసే తిప్పలు చూసి బెదురుతోందని చెప్పింది. ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. తర్వాత గమనిస్తే నిజమే. ‘మెరూన్’ అని నోరు తిరక్క ‘ముదురెరుపు’ అనబోయి, అందులోనూ ‘మ’ ఉండటం చూసి, ‘ఆ... వంకాయలాంటిది కాదు, దాని పక్కది’ అని చేయి చూపించేది. మంచినీళ్ళను ‘తాగేది’ అనేది. అన్నీ డొంకతిరుగుళ్ళే. చిన్నప్పటినుంచీ నడవగూడని దారులు గుర్తుపెట్టుకుని నడిచిన మనిషి, ఇక ఆ దారుల్లోనే నడుస్తానని కూర్చుంది.

మరునాటినుంచి అత్త కొత్త నడవడి మొదలైంది. అంగట్లోకి ఎవరొచ్చినా మొట్టమొదట, ‘నాకు నత్తి ఉండాది. మాట నిదానంగా వస్తాది. కూచోండి’ అని చెప్పేది. ఆ మూడు ముక్కలు చెప్పాక వచ్చినవాళ్ళ భుజాలు దిగేవి, ఆమె భుజాలూ దిగేవి. ‘ఏమనుకోవద్దండి’ అన్నమాట నోట్లోంచి తీసేసింది. పొద్దున వాకిట్లో నీళ్ళు చల్లుతూ గట్టిగా ‘ముదిగుబ్బ, మడకశిర, మెరూన్, మల్లెమొగ్గ అంచు’ అని చదివేది. వీధిలోవాళ్ళు ఇదేదో కొత్త వ్రతమనుకున్నారు. పక్కింటి ముసలామె ఏ దేవుడి నామాలు ఇవి అని అడిగింది కూడా. కూరగాయలకు బయలుదేరిందంటే బస్టాండు మీదుగా వెళ్ళి, తెలియని మనిషిని ఎవరినైనా ఆపి ముదిగుబ్బ బస్సు ఎక్కడ నిలబడుతుందో అడిగేది. ముదిగుబ్బలో మాకు ఎవరూ లేరు. అత్త ఎప్పుడూ ఆ బస్సెక్కలేదు. ఒక కండక్టరు ఆమెను రెండుమూడుసార్లు చూసి, ‘ఏమ్మా, రోజూ అడుగుతాండావు, ఎక్కవు. ముదిగుబ్బలో ఏముండాది నీకు?’ అన్నాడు. ‘మొ... మొదటి అక్షరం’ అంది అత్త. ఆయనకేమీ అర్థం కాలేదు గానీ ఆనాటినుంచి ఆమె కనబడితే తనే బస్సాపి, ‘ముదిగుబ్బ ఈడనేనమ్మా’ అని కేకేసేవాడు. అత్త విసుక్కునేది. అడగనివ్వకుండా చెప్పేస్తే ఆమెకేం లాభం?

అన్నిటికంటే మొండి అలవాటు ఇంకొకటుంది. ఎవరైనా తన మాట అందుకుని పూర్తిచేస్తే, ఆ పూర్తిచేసింది సరైనదే అయినా సరే, తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది. ఇది చూసేవాళ్ళకు ఎంత ఇబ్బందో చెప్పలేను. ఒకసారి అవ్వను చూడటానికి ధర్మవరంనుంచి పెనుకొండకు ప్యాసింజరు రైల్లో వెళ్తున్నాం. అత్త కిటికీ పక్కన, ఆమె పక్కన తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన, ఎదురుగా నేను. రైలు కదిలిన కాసేపటికి అత్త ఆయనవైపు తిరిగి ‘మీ... మీ...’ అంది. ఆయన జాలిగుండె మనిషి. ‘మీ ఊరేదంటాండావా తల్లీ? రామగిరి’ అన్నాడు. అత్త తల అడ్డంగా ఊపి మళ్ళీ ‘మీ...’ అంది. ‘మీ పేరా?’ అని పేరు చెప్పాడు. మళ్ళీ ‘మీ...’ ‘మీ పిల్లోల్లా? ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దోడు బెంగళూరులో డ్రైవరు, చిన్నోడే నా మాట వినడు’ అని మొదలుపెట్టి, చిన్నకొడుకు మాట వినకపోవడానికి కోడలే కారణమని, ఆ సంబంధం తెచ్చింది తన బామ్మర్దేనని, అత్త తల ఊపినకొద్దీ తన సంసారమంతా విప్పేశాడు. పెట్టెలో సగంమంది ఆయనవైపు తిరిగి వింటున్నారు. చివరికి ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అత్త నింపాదిగా, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ‘మీ... మీరు నా కొంగు మీద కూచోనుండారు.’

పెట్టె పెట్టెంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, పాపం, కొంగు విడిపించి దులిపి మరీ ఇచ్చాడు. పెనుకొండలో దిగి ఇంటివైపు నడుస్తూ నేను అత్తను అడిగాను. ‘కొంతమంది సరిగ్గానే అందుకుంటారు గదా అత్తా. అప్పుడు ఊ అంటే ఏం పోయింది?’

అత్త నిలబడింది. నడుస్తూ మాట్లాడటం ఆమెకు ఇష్టముండదు. ‘స... సరిగ్గా చెప్పినా అది వాల్ల మాట పాపా. నా మాట నేను ముగిస్తా. ఊ అని అలవాటైతే, తప్పు చెప్పినప్పుడు గూడా ఊ అంటాను. ఒ... ఒకసారి టీ తాగినాను గదా.’

అది విన్నాక ఆ టీ కథకు నేను మళ్ళీ నవ్వలేదు.

ఏడాది చివర్లో, నాకు పరీక్షలు దగ్గరపడుతుండగా, ఒక గొడవ వచ్చింది. అత్తవాళ్ళ సందూ ముందు వీధీ కలిపి ఆ అంగళ్ళ వరసంతా ఒకే యజమానిది. పాత కట్టడం పడగొట్టి పెద్ద కాంప్లెక్స్ కట్టాలని ఆయన ఆలోచన. కింది అంతస్తంతా ముందు వీధి పెద్ద అంగళ్ళకు, సందులోని చిన్న అంగళ్ళవాళ్ళు మూడో అంతస్తుకు. పట్టుచీర కొనడానికి ఇంట్లో ముసలమ్మ రాకుండా ఎవరూ రారు. మోకాళ్ళ నొప్పులతో ఆ ముసలమ్మ మూడో అంతస్తు ఎక్కదు. పైకి పంపడమంటే అంగడి మూసుకోమనడమే, ఆ సంగతి అందరికీ తెలుసు. యజమాని మాత్రం, అందరూ ఒప్పుకుంటేనే మొదలుపెడతాను, ఒక్కరు కాదన్నా ఈ ప్లాను వదిలేస్తానని మాటిచ్చాడు. అందరినీ ఒప్పించే బాధ్యత అంగళ్ళ సంఘం పెద్దగా మా పెద్దమామ తీసుకున్నాడు. కింది అంతస్తులో మూల అంగడి ఆయనకే వస్తుంది మరి. చిన్న అంగళ్ళవాళ్ళలో కొందరు ఆయన దగ్గర సరుకు తెచ్చుకునేవాళ్ళు, కొందరు చుట్టాలు. మొహం మీద కాదనే ధైర్యం ఎవరికుంటుంది? మాట్లాడుకుని చూస్తే అందరికీ ఇష్టంలేదు, అందరూ ఒప్పుకునేటట్టే ఉన్నారు.

మీటింగు ఒక కల్యాణమంటపంలో పెట్టారు. మధ్యాహ్నం వేళ, అప్పుడే ఏదో పెళ్ళి భోజనాలు ముగిసి హాలంతా సాంబారు వాసన. మామ నన్నూ రమ్మన్నాడు, పక్కన మనిషుంటే అత్తకు ధైర్యమని. ఆయన కుడిపక్క అత్త, అత్త పక్కన నేను. ముందు వరసలో యజమాని. పెద్దమామ మైకు పట్టుకుని కొత్త కాంప్లెక్స్ వైభవమంతా వర్ణించి, ఒక్కొక్కరినే లేచి నిలబడి ఒప్పుకుంటున్నట్టు ఒక్కమాట చెప్పి కూర్చోమన్నాడు. సందులోవాళ్ళు ఒక్కొక్కరే లేచి, నేల చూస్తూ, ‘సరేనప్పా’ అని కూర్చుంటున్నారు. మామ వంతు వచ్చింది. ఆయన లేవలేదు. అత్త లేచింది.

‘నే... నేను...’ అంది. హాల్లో చిన్న కదలిక. ‘నేను ఒ... ఒప్పు... ఒప్పు...’

‘ఒప్పుకుంటాండాదప్పా’ అన్నాడు పెద్దమామ మైకులో. ‘సరే, తర్వాతెవరు?’

చప్పట్లు పడ్డాయి. వెనకవరసలో ఒకాయన అప్పుడే లేచి పంచె సర్దుకుంటున్నాడు. మన భాషలో ఔనూ కాదూ రెండూ మాట చివర్నే ఉంటాయి. ‘ఒప్పు’ దాకా రెండింటిదీ ఒకటే దారి. అక్కడినుంచి ‘కుంటా’ అని పోవచ్చు, ‘కోను’ అనీ పోవచ్చు. ఆ కొస ఎవరి చేతిలో ఉంటే మనిషి బతుకు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. బడిలో ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను, వ్యాకరణం పాఠాలూ విన్నాను. తెలుగు క్రియ ఎంత ప్రమాదకరమైనదో ఆ మధ్యాహ్నం తెలిసినట్టు మళ్ళీ ఎప్పుడూ తెలియలేదు.

అత్త కూర్చోలేదు. చప్పట్లు ఆగేదాకా ఊరుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. ‘నే... నేను...’ ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు రెండుమూడు వరసలు పాకింది. పెద్దమామ ఇబ్బందిగా నవ్వి, ‘నువ్వు చెప్పేది నాకు తెలుసు గదమ్మా, చెప్పేసినా. గమ్మున కూచో’ అన్నాడు.

‘బావా. నా మా... మా... మాట అయిపోలేదు’ అంది అత్త.

అప్పుడు లేచాడు మా మామ. ఆయన నలుగురిలో మాట్లాడగా నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ‘ఆయమ్మను చెప్పనీ అన్నా’ అన్నాడు. ‘నాకుండేది ఒక చెవి. ఆ చెవికి ఇంగా ఏమీ వినపడలేదు.’ అని కూర్చున్నాడు.

అత్త చీర చెంగు నడుముకు దోపుకుంది. నోరు తెరిచింది. ‘ఒప్పు’ దగ్గర మళ్ళీ పట్టుకుంది. పెదాలు బిగిసాయి, మెడ నరాలు లేచాయి. ఇదివరకైతే ఇక్కడ కళ్ళు మూసుకునేది. ఈసారి మూసుకోలేదు. కళ్ళు తెరుచుకుని పెద్దమామ మొహంలోకే సూటిగా చూస్తోంది. ఎంతసేపో తెలియదు. మంచం కింద పడ్డ సూది కోసం అందరూ వంగి వెతుకుతున్నట్టు హాలంతా ముందుకు వంగింది. నవ్వినవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. నేను లోపల ‘కోను, కోను’ అనుకుంటూ పళ్ళు కరుచుకుని ఉన్నాను, అందిస్తే ఆమె క్షమించదని తెలుసు.

‘...కోను’ అంది అత్త.

అక్కడితో ఆగలేదు. మొదలుపెట్టింది కదా, ఎందుకు ఆగుతుంది? మూడో అంతస్తు ముసలివాళ్ళు ఎక్కలేరంది. కింద తమకూ చోటిస్తే రేపే పడగొట్టుకోండి, లేకపోతే పాతది పాతగానే ఉండనీ అంది. ఒక్కొక్క మాటా ఆగి ఆగి, దిగబడి దిగబడి, అయినా తనంతట తాను లేచి వచ్చింది. ఎవరూ అందుకోలేదు. చివరి మాట అయ్యాక కొంగు విడిచి, సర్దుకుని, తీరిగ్గా కూర్చుంది. ఆమె చేయి నా చేతి మీద పడింది.

కాసేపటికి వెనకనుంచి, ఇందాక నేల చూస్తూ సరేనన్న ఒక ముసలాయన లేచాడు. ‘నాదీ ఆ పాప మాటేనప్పా. ఇందాక తొందరపడినా’ అన్నాడు. ఇంకొకరు లేచారు. తర్వాత ఇంకొకరు. పెద్దమామ మైకు కింద పెట్టేశాడు. యజమాని మాత్రం కోపం తెచ్చుకోలేదు. కాదన్నవాళ్ళే లేరని తనతో చెప్పారే అని ఆశ్చర్యపోయాడంతే.

ప్లాను మారి, కాంప్లెక్స్ రెండేళ్ళు ఆలస్యంగా లేచింది. చిన్న అంగళ్ళకు కింది అంతస్తులోనే చోటు వచ్చింది, ముందు వీధివైపు కాదు, వెనక సందువైపు. అత్తను అందరూ పొగిడితే, ‘ముందుపక్క అడిగుండల్ల, అప్పటికి అలిసిపోయినా’ అంది. పెద్దమామ కొన్నాళ్ళు మాట్లాడటం మానేసి, తర్వాత మనవరాలి పుట్టువెంట్రుకలనాడు తానే వచ్చి పిలిచాడు. ఆయనలో ఒక మార్పు అందరం గమనించాం. అత్త మాట మొదలుపెట్టిందంటే పెదాలు బిగించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయేవాడు. మాట్లాడటానికి ఆమె పడే కష్టంకంటే మాట్లాడకుండా ఉండటానికి తన అన్న పడే కష్టమే ఎక్కువని మామ నవ్వేవాడు.

ఒకటి మాత్రం చెప్పాలి. అత్త నత్తి పోలేదు. ఈ కథ ఎవరికి చెప్పినా చివర్లో ‘అయితే ఇప్పుడు గడగడా మాట్లాడుతుందా’ అని అడుగుతారు. అంతకంటే తక్కువ జరిగితే అది గెలుపు కాదన్నట్టు వాళ్ళ మొహం వాడిపోతుంది. మా నాయన బలవంతం మీద బెంగళూరులో మాటల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళింది. నత్తి పోగొట్టమని రాలేదు, ఊపిరి ఎట్ల తీసుకోవాల్నో చెప్పండి చాలు అందట. ఆ డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి తీసుకుంటే కొంచెం సులువైందని ఇప్పటికీ ఆమెను తలచుకుంటుంది. మాట ఇప్పటికీ పట్టుకుంటుంది, పట్టుకున్నచోట అత్త నిలబడుతుంది, వినేవాళ్ళు నిలబడతారు. గిరాకీ పారిపోలేదు. ధర్మవరంలో ఎన్నో అంగళ్ళలో మాటలు గలగలా పారుతూ ఉంటే, చెప్పిన ఒక్క మాటకూ అంత శ్రమపడే మనిషి అబద్ధం ఎందుకు చెబుతుందిలే అని ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళున్నారు. అది విని అత్తకు నవ్వు. ‘అ... అబద్ధాలు గూడా చెప్తానప్పా, నిదానంగా చెప్తా’ అంటుంది.

మొన్న ఆదివారం ధర్మవరం వెళ్ళాను. అత్త జుట్టు చాలావరకు నెరిసింది. కొత్త ఫోను కొన్నారు, నోటితో చెబితే వెతికిపెట్టే రకం. అత్త దాన్ని గల్లాపెట్టె మీద నిలబెట్టి ‘మ... మ...’ అని మొదలుపెట్టింది. అది కాసేపు చూసి, వినబడలేదని చెప్పి మూసుకుంది. అత్త మళ్ళీ నొక్కింది. మళ్ళీ మూసుకుంది. నేను ఉండబట్టలేక, టైపు చేస్తే వచ్చేస్తుంది గదా అత్తా అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. అద్దాలు సర్దుకుని, ‘దీనికి ఓ... ఓపిక తక్కువ. నేర్చుకుంటాది’ అని మళ్ళీ నొక్కింది. మామ తన మంచి చెవి ఇటు తిప్పుకుని చీరలు మడతపెడుతున్నాడు. బయట సందులో ఎండ నెమ్మదిగా గోడ ఎక్కుతోంది. నేను నా బస్సు సంగతి మరచిపోయి స్టూలు లాక్కుని కూర్చున్నాను. కాలం ఎవరికోసమూ ఆగదని పెద్దలంటారు. వాళ్ళలో ఎంతమంది దాన్ని ఆగమని అడిగి చూశారో నాకు అనుమానమే.